బానిసవర్తకుని యోడపట్టిక

అమెరికా సంయుక్తరాష్ట్రములలోనికి విదేశములనుండి బానిసలను దెచ్చుట 1808 జనవరి 1వ తేది మొదలు చట్టముచే నిషిద్ధమయ్యెను. దేశములోపలి క్రయవిక్రయములు మాత్రము నిషేధింపఁబడలేదు. దక్షిణమునఁ బ్రత్తిసేద్యము పెరిగినకొలఁది నవియు హెచ్చెను.

ఈ వాణిజ్యమున మిక్కిలి ధనము గడించినవారిలో టెనెసీవాఁడగు ఐజాక్ ఫ్రాంక్లిన్ ఒకఁడు. ఇతఁడును జాన్ ఆర్మ్‌ఫీల్డును 1828లో, నాఁడు కొలంబియా మండలమునఁ జేరియుండిన అలెగ్జాండ్రియా పట్టణమందు, ఉమ్మడివర్తకము పెట్టిరి. ఆర్మ్‌ఫీల్డు అచ్చట మనుష్యులను గొని పంపుచుండఁగా ఫ్రాంక్లిన్ నాచెజ్, న్యూ ఆర్లియన్సులలో వారి నమ్ముచుండెను. కొందఱిని సంకెళ్లతోఁ గాలినడకను, పెక్కండ్ర నోడలపైనను బంపిరి. ఆ యోడలలో నొకదాని పేరు ‘ఐజాక్ ఫ్రాంక్లిన్’. అపకీర్తికి వెఱచినవాఁడు ఓడకుఁ దన పేరు పెట్టుకొనఁడు గదా! బానిసవర్తకు లెల్లరు సంఘమున నీచులుగా నెంచఁబడిరని యమెరికా దక్షిణదేశీయులు పిదపఁ జెప్పుకొనిన మాట యిచ్చట నిలువదు.

విదేశపు దిగుమతిని మాన్పిన 1807వ సంవత్సరపుఁ జట్టమే, నలువది టన్నులకుఁ దక్కువ గాని యోడలో బానిసలను ఒక రేవునుండి మఱియొక రేవునకుఁ గొనిపోవునపుడు పట్టికను రెండు ప్రతులుగా వ్రాయవలెనని విధించెను. పేరు, స్త్రీయో పురుషుఁడో, వయస్సు, పొడవు, దేహచ్ఛాయ, పంపువాని నివాసము: ఇవి యందు వ్రాయవలసినవి. వీరు 1808 తరువాత విదేశమునుండి తేఁబడినవారు కారని సుంకపుటధికారి యెదుటఁ బ్రమాణమును జేయవలెను.

ఈ పట్టికలను జదువువారు జాగరూకులై యుండవలెను. బంధుత్వమునకుఁ బ్రత్యేకముగా గడి లేదు. ఒక స్త్రీ పేరునకుఁ గ్రింద నిద్దఱు శిశువుల పేర్లున్నచో వారు తల్లిబిడ్డలని తోఁచును. కాని తోఁచుట వేఱు, ఋజువు వేఱు. మఱియు నోడ చేరిన పిమ్మట నేమయ్యెనో పట్టిక చెప్పదు. 1833లో నాచెజునఁ గలరా వ్యాపింపఁగా, ఫ్రాంక్లిన్ బానిసలలో మృతులైనవారి శవములు లోఁతుగాఁ బూడ్పఁబడక బయల్పడెను. పురజనులు కుపితులై వర్తకులను ఊరి పొలిమేర దాఁటించిరి. సంత యచ్చటనే యథాప్రకారము సాగెను.

ఫ్రాంక్లిన్ 1846లో మహాధనవంతుఁడై మరణించెను. 1850, 1860 సంవత్సరముల జనాభాలెక్కలలో ప్రభుత్వము బానిసల వయస్సును, వర్ణమును వ్రాయించెనే కాని, సామాన్యముగాఁ బేరు వ్రాయింపలేదు. అందువలన నేఁడు తమ పూర్వుల వెదకుకొను నల్లజాతివారు అమెరికా జాతీయ లేఖ్యశాలలోని యీ వర్తకుల పట్టికలనే తిరుగవేయుచున్నారు.