అరఁటిబొమ్మ నోట్లు

1942వ సంవత్సరమున జపానుసేనలు మలయాదేశము నాక్రమించిన పిమ్మట నచట జపాను ప్రభుత్వము పేర డాలరు నోట్లు వెలువడెను. పదిడాలర్ల నోటుపై నరఁటిచెట్టు చిత్రింపఁబడియుండుటచే మలయీభాషలో ‘దువిత్ పీసంగ్’, అనఁగా అరఁటిడబ్బు, అను వ్యవహారము కలిగెను. ఒక్క నోటి చిహ్నము తక్కినవాని కెల్ల నుపలక్షణమైనది.

సంగ్రాహకులు ముందుగాఁ జూడవలసినవి యక్షరములు. ‘ఎమ్’ మలయాకును, ‘బి’ బర్మాకును, ‘పి’ ఫిలిప్పీనులకును గుర్తు. ధాతువులకుఁ జేర్చిన యనుబంధములవలె నివి పలుకుటకుఁ గాక కార్యమునకై యుండును. మలయాలోని తొలుతటి డాలరు నోట్లపై నక్షరములతోడ వరుససంఖ్యలును గలవు. తరువాతివానిపై నక్షరములే మిగిలెను. సంఖ్య లేనిచో నెన్ని ముద్రితమైనవో జనులు లెక్కించు టెట్లు? మితిలేని ముద్రణముచేతను, సరకుల కొఱతచేతను వెలలు విపరీతముగాఁ బెరిగెను. సంఖ్యలు గల నోట్లకే నేఁడు గిరాకి యెక్కువ.

అడిగినతోడనే చెల్లింతుమని యా పదిడాలర్ల నోటిపై వ్రాసియున్నది. వాక్యము సాధువే, అర్థము మాత్రము సిద్ధింపలేదు. 1945 సెప్టెంబరున మరలివచ్చిన బ్రిటిషు సైనికప్రభుత్వ మవి చెల్లవని ప్రకటించెను. రబ్బరుతోఁటలలో మన తెలుఁగు కూలీవారు దాఁచుకొన్న యట్టి నోట్లును వట్టి కాగితములయ్యెను.

నలిగి మడతలుపడిన నోట్లను సంగ్రాహకులు తక్కువ వెలకుఁ గొందురు. నా మతమున నవియే మేలు. వానిని జనులు చేతఁబట్టి బియ్యము గొనిరి.