రెండు గొంతులు... ఒకే పాట!

కవల ఆడపిల్లలు పుడితే మనం సీత-గీత అనో, గంగ-యమున అనో పేర్లు వెతుక్కుంటాం. నైజీరియాలోని యోరుబా వాళ్ళకి ఆ శ్రమే లేదు! ముందు పుట్టిన బిడ్డ తైవో, వెనక పుట్టిన బిడ్డ కెహిండే. చిత్రమేమిటంటే, వెనక పుట్టిన కెహిండేనే పెద్దదిగా లెక్క. లోకం ఎలా ఉందో చూడమని తైవోని ముందు పంపింది తనేనట!

1948లో జోస్ పట్టణంలో పుట్టిన అలాంటి కవలలే 'లిజాడు సిస్టర్స్'. ఆ రోజుల్లో అక్కడ పాటల రంగమంతా మగవాళ్ళదే. ఆడవాళ్ళంటే వెనక నిలబడి వంతపాడటమే. వీళ్ళు మాత్రం తమ పాటలు తామే రాసుకుని ముందుకొచ్చి నిలబడ్డారు. 'డేంజర్' (1976), 'మదర్ ఆఫ్రికా' (1977), 'సన్‌షైన్' (1978), 'హొరైజన్ అన్‌లిమిటెడ్' (1979)... నాలుగేళ్ళలో నాలుగు ఆల్బమ్‌లు! బేస్ గిటార్ ఊపు, డ్రమ్ముల దరువు, వాటిమీద ఒక్కటిగా కలిసిపోయిన రెండు గొంతులు. చపాతీలు ఒత్తుకుంటూ విన్నా కాలు తాళం వేయాల్సిందే! అయితే అవి ఉత్త చిందుల పాటలు కావు. అవినీతినీ నిలదీశారు.

తర్వాత అమెరికాలో స్థిరపడ్డారు. 1996లో కెహిండే మెట్లమీద నుంచి పడి వెన్నెముకకి పెద్ద దెబ్బ తగిలింది. పాట ఆగిపోయింది. తైవో ఒక్కతే పాడుకోవచ్చు కదా? పాడలేదు. 2014లో ఇద్దరూ కలిసే మళ్ళీ వేదిక ఎక్కారు!

2019లో కెహిండే కన్నుమూసింది. ఈసారి ముందు వెళ్ళింది తను. 2024లో 'హొరైజన్ అన్‌లిమిటెడ్' మళ్ళీ విడుదలైంది. వింటే ఇప్పటికీ ఆ రెండు గొంతుల్ని విడదీయలేం.