బాపట్ల పాతవీధులలో కాపురము

ఇల్లు చూచుకొనునపుడు గాలి, వెలుతురు, నీటివసతి విచారించుట లోకసహజము. అయితే తాను నిత్యము నడువబోవు వీధికి వయస్సెంతయో, ఆ వీధిని తనకు పూర్వము నడచినవారెవరో విచారించువారు అరుదు. బాపట్లలో భావనారాయణస్వామి ఆలయము చుట్టును, రథంబజారు పరిసరములయందును తరతరములుగా కాపురమున్న కుటుంబములకు ఆ విచారణతో పనిలేకయే దాని ఫలము సిద్ధించినది.

భావపురి యను నామాంతరము గల ఈ క్షేత్రమును సర్పవరము, పట్టిసము, పొన్నూరు, భావదేవరపల్లెలతో కలిపి పంచభావనారాయణ క్షేత్రములని సంప్రదాయజ్ఞులు పేర్కొందురు. ఇచటి స్వామికి క్షీరభావనారాయణుడని ప్రసిద్ధి. ఆలయమందలి శిలాశాసనములను చదువనేరని ముదుసలి సైతము ఏ పర్వమునకు స్వామి ఏ వాహనముపై వేంచేయునో, మేళము వినబడిన పిమ్మట వాకిట హారతిపళ్లెముతో నిలుచుటకు ఎంత వ్యవధి యుండునో చెప్పగలదు. పూర్వరాజులు రాతిపై వ్రాయించిన చరిత్రకు ఈ గృహస్థుల ఆచారమే నేటికిని వ్యాఖ్యానమై నిలిచినది. దూరమునుండి వచ్చిన యాత్రికునికి ఉత్సవము ఒకనాటి దర్శనము. ఆ వీధివానికి అది సంవత్సరమును కొలుచు కొలమానము.

ఇట్టి ఊరిలో దేవాలయమొక్కటియే గౌరవహేతువు కాదు. 1913 మే 26న ప్రథమాంధ్ర మహాసభ బయ్యా నరసింహేశ్వరశర్మగారి అధ్యక్షతన బాపట్లలోనే సమావేశమైనది; తెలుగువారికి ప్రత్యేకరాష్ట్రము కావలెనను తలంపు అచట చర్చకు వచ్చి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రావతరణముతో ఫలించినది. 1945లో వ్యవసాయ కళాశాల వెలసినది. 1986లో విడుదలైన బి.పి.టి. 5204 అను సాంబమసూరి వరివంగడము ఇచటి పరిశోధనక్షేత్రమున రూపొందినదే. భక్తియు, రాజ్యచింతయు, కృషివిద్యయు ఒక్క ఊరిలో వర్ధిల్లుటచేత, ఇచట పెరుగు బాలునికి ఈ మూడును తన ఇరుగుపొరుగు విషయములుగనే తోచును.

సమీపమందలి తెనాలియు ఇట్టిదే. 1942 ఆగస్టు 12న క్విట్టిండియా ఉద్యమవేళ పోలీసుకాల్పులలో ఏడుగురు నేలకొరిగిన స్థలము నేడు రణరంగచౌకు. ఆ స్మారకస్తూపములకు చేరువనే జనులు సరకులు కొనుచుందురు, మిత్రులకొరకు వేచియుందురు. త్రిపురనేని రామస్వామిచౌదరిగారి సూతాశ్రమము నెలకొన్నదియు, కొడవటిగంటి కుటుంబరావుగారు జన్మించినదియు ఆ పట్టణమందే. త్యాగమును సాహిత్యమును నిత్యవ్యవహారమునకు ఇంత దగ్గరగా ఉంచుటయే పాతపేటల ప్రత్యేకత.

ఇచటి జీవనమున కష్టములు లేవనుట సత్యము కాదు. సందులు ఇరుకు, మురుగుకాలువలు వానకు పొంగును, పెంకుటింటి దూలమును మార్చుటకు నేర్పరియైన వడ్రంగి దొరకుట దుర్లభము, అన్నదమ్ముల పంపకములలో మండువాలోగిలి ముక్కలగును. 1977 నవంబరు 19నాటి తుపాను ఈ తీరమును ఎంత చెరచినదో పెద్దలెరుగుదురు. 2011లో భావనారాయణాలయపు ప్రాచీనగోపురము కూలిపోయినది. అయినను నిత్యపూజలను, ఉత్సవములను తమవిగా భావించు జనము చుట్టును నివసించుటచేతనే, గోపురము కూలినను క్షేత్రము క్షేత్రముగనే నిలిచినది.

నివాసులే పాతపేటకు ప్రాణమను ఈ సత్యము అన్యత్రయు కానవచ్చును. అహమ్మదాబాదులోని పాతనగరము 2017లో యునెస్కో ప్రపంచవారసత్వ నగరముగా గుర్తింపు పొందినది. అచటి పోళ్లనబడు ఇరుకువాడలలో, చెక్కడపుపనితనము గల ఇండ్లలో నేటికిని సంసారములు సాగుచుండుట ఆ నగరమునకు ప్రాణము. నివాసులను వెడలగొట్టి గోడలను మాత్రము అలంకరించినచో మిగులునది ప్రదర్శనశాల, పేట కాదు.

కావున మన పాతవీధులను రక్షింపదలచువారు మొదట అచట కాపురముండుట సుకరము చేయవలెను. పురపాలకులు మురుగుపారుదలను సరిచేయవలెను. రథము నడచు వీధిలోనికి కట్టడములు చొచ్చుకొనిరాకుండ చూడవలెను. గృహస్థులు ఇల్లు మరల కట్టుకొనునపుడైనను అరుగును విడువరాదు. పొరుగువానితో మాటకును, బాటసారి విశ్రాంతికిని అదియే ఆస్కారము. పిల్లలకు తమ వీధి పూర్వోత్తరములను ఇంటిలోనే చెప్పవలెను. ఉద్యోగమునకై దూరమేగినవారు పెద్దలు విడిచిన ఇంటికి తాళమువేసి పాడుపెట్టుటకంటె, అందొక కుటుంబమును నివసింపజేయుట మేలు. దీపము వెలుగు ఇండ్లు ఎన్ని యున్న ఆ వీధికి అంత ఆయుస్సు.