బుడ్డోడి బిస్కెట్లు

మా అక్క కొడుక్కి ఆరేళ్లు. పోయిన దసరా సెలవులకు మర్రిగూడ వచ్చినప్పుడు, వాడకట్టు పిల్లలంతా బిస్కెట్ ప్యాకెట్ పంచుకుంటుంటే వీడు మాత్రం గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. రాత్రి నా పక్కన పడుకుని అడిగాడు: "మామా, నేను తినేటి బిస్కెట్ ఎవ్వరు చెయ్యరా?"

వాడికి సీలియాక్ వ్యాధి ఉంది. గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లు. పేగు కోలుకునేదాకా పాలు కూడా వద్దన్నారు డాక్టరు. మైదా, గుడ్డు, వెన్న మూడూ పోతే ఇంక బిస్కెట్‌లో మిగిలేది చక్కెరే. అయినా "నేను చేస్త లే" అని మాటిచ్చేసిన.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. గోధుమపిండిలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే ప్రొటీన్లుంటాయి. నీళ్లు పోసి పిసికితే అవి పెనవేసుకుని వలలా సాగుతాయి. అదే గ్లూటెన్. చపాతీ సాగేది, బ్రెడ్డు పొంగేది దాని పుణ్యమే. సీలియాక్ ఉన్నవాళ్లలో మాత్రం గ్లూటెన్ లోపలికి వెళ్లగానే శరీర రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీద తానే దాడి చేస్తుంది. గుడ్డు దద్దుర్లు అలర్జీ, ఇది అలర్జీ కాదు. దీని దెబ్బ పైకి కనబడదు. ఈ సంగతి పట్టుకున్నది విలెమ్ డికె అనే డచ్ పిల్లల డాక్టరు. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి బ్రెడ్డు దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకున్నారు. బ్రెడ్డు మళ్లీ రాగానే జబ్బూ తిరగబెట్టింది. దాని మీదే ఆయన 1950లో థీసిస్ రాశాడు.

ఇంకో మాట. "వీగన్" అని రాసి ఉంటే అందరికీ సురక్షితం అనుకోవద్దు. గోధుమ వీగనే, పల్లీ వీగనే. "గ్లూటెన్ ఫ్రీ" అన్నదాంట్లో పాలు, గుడ్డు ఉండొచ్చు. ఎవరికి ఏది పడదో అడిగి తెలుసుకోవాల్సిందే.

జొన్నలో గ్లూటెన్ లేదు. మనింట్లో జొన్నపిండికి కొదవ లేదు. తొలిసారి జొన్నపిండి, బెల్లం, కొబ్బరినూనె కలిపి కాల్చిన. బిస్కెట్ పట్టుకుంటే ఇసుకలా రాలింది. అమ్మ నవ్వి, "రొట్టెకు ఎసరు పెట్టకుంట పిండి పిసుకుతమారా?" అంది.

మొత్తం కెమిస్ట్రీ ఆ ఒక్క మాటలో ఉంది. జొన్నలో వల లేదు కాబట్టి పిండిపదార్థంతోనే పట్టు తేవాలి. దాదాపు 70 డిగ్రీల వేడి నీళ్లు తగిలితే స్టార్చ్ రేణువులు ఉబ్బి జిగురవుతాయి. మన రొట్టె చేసేవాళ్లు మరిగే నీళ్లు పోసేది అందుకే. గుడ్డు బదులు అవిసెల పొడి వాడిన. నీళ్లలో నానితే అది కూడా జిగురు వదులుతుంది.

రెండోసారి బిస్కెట్లు బాగా కుదిరినయ్. బుడ్డోడు నాలుగు తిన్నాడు. తెల్లారేసరికి కడుపునొప్పి, విరేచనాలు. వాడు ఏడవలేదు. "బిస్కెట్ మంచిగనే ఉండె మామా" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే గిర్ని దగ్గర తేలింది. నా జొన్నలు పట్టించే ముందు అదే గిర్నిలో ఎవరివో గోధుమలు పట్టారు. నేను అడగలేదు. తప్పు నాదే. ఇప్పుడు లెక్క చూడండి. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అనాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటొద్దు. గోధుమపిండిలో గ్లూటెన్ సుమారు 8 శాతం అనుకుందాం. అంటే కిలో జొన్నపిండిలో పావు గ్రాము కంటే కాస్త ఎక్కువ గోధుమపిండి కలిసినా గీత దాటినట్టే. గిర్ని రాళ్ల మధ్య ఇరుక్కునేది దానికంటే ఎంతో ఎక్కువ. గోధుమపిండి జల్లించిన జల్లెడ, చపాతీల పీట కూడా అంతే. ప్యాకెట్ ఇంగువలో కూడా చాలాసార్లు గోధుమపిండి కలుపుతారు, లేబుల్ చదవండి.

అప్పటి నుంచి జొన్నలు ఏరి, కడిగి, ఎండబెట్టి, ఇంట్లో మిక్సీలోనే పడుతున్నం. జల్లెడ కొత్తది, వాడికే వేరు.

మా కొలతలు ఇవీ: జొన్నపిండి 150 గ్రాములు, బియ్యప్పిండి 50, బెల్లం పొడి 80, కొబ్బరినూనె 60, చిటికెడు ఉప్పు, ఇలాచీ పొడి. ఒక పెద్ద చెంచా అవిసెల పొడిని మూడు చెంచాల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టాలి. జొన్నపిండిలోంచి ఒక చెంచా తీసి, రెండు చెంచాల మరిగే నీళ్లతో ముద్ద చేయాలి. అన్నీ కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. కొబ్బరినూనె 24 డిగ్రీలు దాటితే కరిగిపోతుంది కాబట్టి మన ఎండల్లో ఇది తప్పదు, లేకుంటే బిస్కెట్లు పరుచుకుపోతాయి. ఓవెన్ లేకున్నా పర్వాలేదు. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, రబ్బరు, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడిచేసి, స్టాండు మీద ప్లేటు పెట్టి, సన్న మంట మీద 20–25 నిమిషాలు కాల్చాలి. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి. చల్లారితే గట్టిపడతాయి, అప్పటిదాకా ముట్టుకోవద్దు.

సంక్రాంతికి బుడ్డోడు మళ్లీ వచ్చాడు. ఈసారి డబ్బా పట్టుకుని వాకిట్లోకి తనే పోయాడు. అందరికీ ఒక్కొక్కటి పంచాడు. ఎవరో ఇంకోటి అడిగితే, "మా మామను అడగాలె" అని డబ్బా మూత పెట్టేశాడు.

మన హాస్టల్లో కూడా బర్త్‌డే కేకు దగ్గర "నాకొద్దు" అని పక్కకు జరిగేవాళ్లు ఉంటారు. ఈసారి బలవంతం చేయకండి, మొహమాటం అనుకోకండి. ఏం పడదో అడగండి చాలు.