నల్లకోటు వేసుకున్నాక ఆ మూడేళ్లు...

లాసెట్‌కు తయారవుతున్న అమ్మాయిని ఏమవుతావమ్మా అంటే చాలాసార్లు వచ్చే జవాబు ‘జడ్జి’. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ పరీక్షకు ముందు కనీసం మూడేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలి. కరీంనగర్, ఆదిలాబాద్ అమ్మాయిలకు అసలు గండం ఇక్కడే.

పట్టా ఉన్నా ఆడమనిషన్న కారణంతో 1916లో రెజీనా గుహాను కలకత్తా హైకోర్టు వకీలుగా చేర్చుకోలేదు. 1923 చట్టంతో ఆ అడ్డు పోయింది. 2021లో తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా జస్టిస్ హిమా కోహ్లి వచ్చారు. ఇప్పుడు ఆపేది చట్టం కాదు, ఖర్చు. జూనియర్‌కు సీనియర్ ఇచ్చేది చాలాచోట్ల బస్సు చార్జీలకే సరి. కొడుకైతే ‘నిలదొక్కుకుంటాడులే’ అని ఆగే ఇల్లే, కూతురికి సంబంధాలు చూడటం మొదలుపెడుతుంది!

కాబట్టి ఒక్క రోజూ వృథా చేయొద్దు. అనుభవం లెక్క మొదలయ్యేది బార్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్‌గా ఎన్‌రోల్ అయిన రోజు నుంచి, ఏఐబీఈ పాసైన నాటి నుంచి కాదు. ఫీజుకు భయపడక్కర్లేదు. 2024 జులైలో సుప్రీంకోర్టు దాన్ని జనరల్‌కు రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125కు మించకూడదంది. అనుభవాన్ని పదేళ్ల సీనియారిటీ ఉన్న న్యాయవాది ధ్రువీకరించాలి, దానిపై జిల్లా ప్రధాన న్యాయాధికారి ఆమోదమూ ఉండాలి. జడ్జిల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలం కూడా లెక్కకొస్తుంది.

జీతం కావాలా? జిల్లా న్యాయసేవాధికార సంస్థల లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ నోటిఫికేషన్లపై కన్నేయండి. అందులో అసిస్టెంట్ పోస్టుకు మూడేళ్లలోపు అనుభవమున్నవాళ్లు అర్హులే. నెలనెలా జీతం, చేతినిండా క్రిమినల్ కేసులు. కాకపోతే ప్రైవేటు కేసులు పట్టకూడదు.

సీనియర్ దగ్గరే చేరుతుంటే, మొహమాటపడకుండా ముందే అడగండి: నెలకెంత ఇస్తారు? సాక్షిని క్రాస్ చేసే అవకాశం ఎప్పుడిస్తారు? అమ్మాయి కదా అని మనోవర్తి ఫైళ్లు, వాయిదా మెమోలే చేతిలో పెట్టే ఆఫీసులు ఇంకా ఉన్నాయి. ఆ ఫైళ్లు చిన్నవేమీ కావు, కానీ అవే పని అనుకుంటే ట్రయల్ నేర్చుకోలేరు.

ఆదిలాబాద్ వాళ్లకు ఒక అదనపు బలముంది. ఆదాయంతో పని లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయసాయం పొందే హక్కుంది. అయితే ఉట్నూరు వైపు నుంచి వచ్చే గోండు మహిళ తన గోడు చెప్పుకోవాలంటే గోండి తెలిసిన వకీలమ్మ ఉండాలి. ఆ భాష మీ ఇంట్లో ఉంటే దరఖాస్తులో తప్పకుండా రాయండి.