పాత పికప్ కొంటున్నారా? ‘ఫుల్ ఒరిజినల్’ అంటే నమ్మేముందు ఇవి చూడండి

సాయంత్రం విద్యానగర్ నుంచి ఎన్‌సీసీ గేటు మీదుగా ఓయూ క్యాంపస్ దాటి తార్నాక వైపు వెళ్తుంటే పాత పికప్ ఒకటి కనిపించిందనుకోండి. దాన్ని కొని టిఫిన్ బండిగా మార్చాలనో, బాగుచేయించి ముచ్చటగా ఉంచుకోవాలనో మీకు అనిపించింది. అమ్మే వ్యక్తి ఒకటే మాట అంటాడు: “అన్నా, బండి ఫుల్ ఒరిజినల్. కంపెనీ నుంచి ఎట్ల వచ్చిందో అట్లనే ఉంది.”

మీరు డబ్బులిచ్చేశారు. తర్వాత ఫిట్‌నెస్‌కు తీసుకెళ్తే ఇంజిన్ నంబర్ ఆర్సీతో కలవలేదని తేలింది. ఇప్పుడు బండి మీ దగ్గరుంది, కాగితాల్లో పేరు మరొకరిది, అమ్మిన వ్యక్తి ఫోన్ ఎత్తడం లేదు. ఈ పరిస్థితి రాకుండా ఉండాలంటే బయానా ఇవ్వకముందే ఏమేం చూడాలి? చట్టం ఏం చెబుతోంది?

చట్టం ప్రకారం మార్పు అంటే ఏమిటి?

మోటారు వాహనాల చట్టం-1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీ సంస్థ మొదట పేర్కొన్న వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. వాహనం మౌలిక స్వరూపాన్ని మార్చేసే నిర్మాణ మార్పులన్నీ దీని కిందికి వస్తాయి. కేరళకు సంబంధించిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది.

కొన్ని మినహాయింపులున్నాయి. అదే రకం ఇంజిన్‌ను ఆర్టీఏ అనుమతితో మార్చుకోవచ్చు. ఆమోదం పొందిన సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు బిగించుకోవచ్చు. అయితే మార్పు జరిగిన 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి.

అనుమతి లేని మార్పు చేస్తే, 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే, చెప్పని మార్పులను చూపించి బీమా కంపెనీ క్లెయిమ్‌పై అభ్యంతరం చెప్పే అవకాశం కూడా ఉంది.

‘ఒరిజినల్’ అనే మాటతో జాగ్రత్త

మన దగ్గర చాలామంది పొరబడేది ఇక్కడే. పాత రోజుల్లో చాలా పికప్‌లు, చిన్న లారీలు కంపెనీ నుంచి క్యాబిన్, చాసిస్‌తోనే వచ్చేవి. వెనుక తొట్టిని స్థానిక బాడీ బిల్డర్లు చెక్కతోనో రేకుతోనో కట్టేవారు. కాబట్టి చెక్క తొట్టి కనిపించగానే బండిని మార్చేశారని అనుకోవద్దు. ఆ బాడీ రకం ఆర్సీలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

హైదరాబాద్‌కు ఈ బళ్లతో దగ్గరి సంబంధమే ఉంది. 1980ల్లో జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో నాలుగు సంస్థలు తేలికపాటి లారీలు తెచ్చాయి. అందులో ఒకటి మన ఆల్విన్ నిస్సాన్. దాని ప్లాంటు జహీరాబాద్‌లో ఉండేది, తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. మరొకటి డీసీఎం టయోటా. ఆ కంపెనీ పేరు పోయినా, ఏ కంపెనీ చిన్న లారీ అయినా మనం ఇప్పటికీ ‘డీసీఎం’ అనే అంటున్నాం. అందుకే అమ్మేవాళ్లు ‘డీసీఎం’ అన్నారని ఊరుకోవద్దు. తయారీ సంస్థ పేరు, మోడల్ ఆర్సీలో చూడండి.

బండి దగ్గరికెళ్లాక ఏ వరుసలో చూడాలి?

1. ముందు ఆర్సీ: తయారైన నెల, సంవత్సరం, బాడీ రకం, ఇంధనం, రంగు, వీల్‌బేస్, ఖాళీ బండి బరువు, సీట్ల సంఖ్య... ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. రవాణా శాఖ పోర్టల్‌లో నంబర్ కొట్టి ఆ వివరాలతో పోల్చండి. ఫైనాన్స్ బాకీ ఉందేమో కూడా చూడండి. ఏపీ, టీఎస్ నంబర్ ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు. టీజీ కోడ్ 2024 మార్చిలో వచ్చింది, పాత నంబర్లు చెల్లుతాయి.

2. చాసిస్ నంబర్: ఇది సాధారణంగా చాసిస్ పొడవాటి పట్టీ మీద ముందు భాగంలో పంచ్ చేసి ఉంటుంది. మట్టి, గ్రీజు తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి. అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరుసలో ఉండాలి. చుట్టూ గ్రైండర్ గీతలు కనిపించినా, అక్కడ మాత్రమే కొత్త పెయింట్ ఉన్నా, అతికించిన రేకు ముక్క మీద నంబర్ ఉన్నా అనుమానించాలి. తుప్పు తిని నంబర్ చెరిగిపోతే ఆర్టీఏ అనుమతితో మళ్లీ పంచ్ చేయిస్తారు. అలాంటప్పుడు దానికి సంబంధించిన కాగితం అడగండి. ఇంకో కిటుకు: 17 అక్షరాల చాసిస్ నంబర్ తర్వాతి కాలం పద్ధతి. 1960ల నాటిదని చెబుతున్న బండి మీద అలాంటి నంబర్ ఉంటే ఏదో తేడా ఉన్నట్టే.

3. కంపెనీ ప్లేటు: బానెట్ కింద లేదా క్యాబిన్ గోడకు చిన్న లోహపు ప్లేటు ఉంటుంది. పాత రివెట్ల స్థానంలో మెరిసే స్క్రూలు ఉంటే ఎవరో దాన్ని ఊడదీశారని అర్థం. ప్లేటు మీది నంబర్, చాసిస్ మీది నంబర్ ఒకటే కావాలి.

4. ఇంజిన్: పాత పికప్‌లలో ఎక్కువగా మారేది ఇదే. జీపు కుటుంబం బళ్లలో మొదట 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజిన్ ఉండేది. డీజిల్ చవక కాబట్టి తర్వాత చాలామంది దాన్ని తీసి డీజిల్ ఇంజిన్ వేయించుకున్నారు. బ్లాక్ మీది నంబర్‌ను ఆర్సీతో పోల్చండి. ఆర్సీలో పెట్రోల్ అని ఉండి, ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్‌లే లేకపోతే ఇక చెప్పేదేముంది! కొత్తగా వెల్డింగ్ చేసిన ఇంజిన్ మౌంటింగులు, ముందుకు జరిపిన రేడియేటర్, వాడకుండా వదిలేసిన పాత బోల్టు రంధ్రాలు కూడా ఇంజిన్ మారిందనడానికి గుర్తులే.

5. చాసిస్ పొడవు: టేపుతో ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్య వరకు కొలవండి. అది ఆర్సీలోని వీల్‌బేస్‌తో సరిపోవాలి. బండి కిందికి వంగి చాసిస్ పట్టీ పొడవునా టార్చి వేయండి. మధ్యలో అడ్డంగా వెల్డింగ్ గీత, అతుకు ప్లేటు కనిపిస్తే చాసిస్‌ను కోసి పొడిగించారనో, రెండు బళ్లను కలిపి ఒకటి చేశారనో అనుమానించాలి. మిగతావన్నీ బాగున్నా ఇలాంటి బండి వద్దు. బరువు ఎత్తాక అతుకు విరిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

6. రేకు, పెయింట్: గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపులు, మడ్‌గార్డుల మీద జరపండి. పట్టు సడలిన చోట కింద మందంగా పుట్టీ ఉన్నట్టు. తలుపు కీళ్ల దగ్గర, సీటు కింద పాత రంగు బయటపడుతుంది. అది ఆర్సీలోని రంగేనా చూడండి.

7. బరువు: దగ్గర్లోని ధర్మకాంటాకు తీసుకెళ్లి ఖాళీ బండిని తూచి చీటీ తీసుకోండి. ఆర్సీలోని బరువుకు, దీనికి భారీ తేడా ఉంటే ఇంజినో, బాడీనో మారి ఉంటుంది. కళ్లు మోసపోవచ్చు గానీ కాంటా మోసపోదు.

అన్ని మార్పులూ ప్రమాదమేనా?

కాదు. డైనమో తీసి ఆల్టర్నేటర్ వేయడం, సీటు కవర్లు, వైరింగ్ మార్చడం పాత బళ్లకు మామూలే. కలెక్టర్ల దృష్టిలో వాటివల్ల విలువ తగ్గవచ్చు గానీ, బండి నడపడానికి అడ్డం కాదు. రంగు, బాడీ రకం తేడాలను ఆర్టీఏ దగ్గర సరిచేయించుకునే వీలుంటుంది. ఆ పని అమ్మే వ్యక్తి చేతనే, అమ్మకానికి ముందే చేయించండి. చాసిస్ నంబర్ తేడా, కోసి అతికిన చాసిస్, కాగితం లేని ఇంజిన్... ఈ మూడింటిలో ఏది ఉన్నా ధర ఎంత తగ్గించినా వెనక్కి వచ్చేయండి. అది దొంగ బండి అయితే పోలీసుల ముందు నిలబడాల్సింది మీరే.

టిఫిన్ బండి చేయాలనుకుంటే బాడీ మార్పుకు ముందే ఆర్టీఏ అనుమతి తీసుకోవాలి. వెల్డింగ్ షాపులో పని పూర్తయ్యాక అనుమతి కోసం తిరగడం కష్టం.

50 ఏళ్లు దాటితే ‘వింటేజ్’ అవుతుందా?

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, ఆ తర్వాత పునరుద్ధరణకు రూ.5,000. గడువు 10 ఏళ్లు. నంబర్‌లో రాష్ట్ర కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి.

అయితే ఆ బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతులు, ఇంధనం నింపుకోవడం వంటి వాటికే రోడ్డెక్కించాలి. రోజువారీ వాడకం, వ్యాపారం కుదరదు. అంటే వింటేజ్ నంబర్ తీసుకుని దోసెలు అమ్మలేరు. పైగా ఇవి వ్యక్తిగత వాహనాలను ఉద్దేశించిన నిబంధనలు. మీరు కొనే పికప్ గూడ్స్ వాహనంగా రిజిస్టరై ఉంటే, ముందే ఆర్టీఏలో అడిగి తెలుసుకున్నాకే డబ్బు పెట్టండి.

చివరిగా ఒక మాట

ఒక నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. పగటి వెలుగులోనే బండి చూడండి. చాసిస్, ఇంజిన్ నంబర్లు రాసి అమ్మకం కాగితం చేసుకోండి. ఫారం 29, 30 మీద సంతకాలు, వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోండి. బండి ‘ఫుల్ ఒరిజినల్’ అని చెప్పే వ్యక్తికి పెన్సిల్ ప్రింట్ తీయడానికి అభ్యంతరం ఉండకూడదు. ఉంటే మీకు జవాబు దొరికినట్టే.