గీత ఎవరిది?



సంక్రాంతి దినములలో ఉద్దానపు గ్రామములందు చెడుగుడు పందెములు జరుగుట మీరెరిగినదే. కొన్నియేండ్ల క్రిందట టెక్కలికి తూర్పున, సముద్రమునకు చేరువనున్న యొక గ్రామమున అట్టి పందెమును చూచితిని. కొబ్బరితోట ప్రక్కన ఇసుకనేలను చదునుచేసి, కఱ్ఱతో బరి గీచిరి. రెండూళ్ళ జట్లును సరిసమానముగా నడచి, తుదికూతకు వచ్చినవి. కూతకు పోయిన పిల్లవాడు ఇద్దరిని తాకెను. ముగ్గురు వానిని పట్టి లాగుచుండగా, వాని కాలు ఒకటి ప్రక్కగీతపై పడినది. అట్లే ఒరిగి చేయి చాచి నడిగీతను అందుకొనెను.

“గీత త్రొక్కినాడు, కనుక చచ్చినాడు” అని ఒక యూరివారు. “గీత త్రొక్కినాడే కాని దాటలేదు” అని రెండవ యూరివారు. చూడుడు, ఉభయులును చెప్పినది ఒక్కటే! త్రొక్కుటను గూర్చి తగవు లేదు. గీత లోపలిదా, వెలుపలిదా యన్నదే తగవు. మధ్యస్థుడుగా కూర్చున్న పెద్దమనిషి న్యాయశీలుడే. కాని ఆ ప్రశ్నకు ఆయనయొద్ద ఉత్తరము లేకపోయినది. ఆటకు ముందు ఎవరును దానిని అడిగియుండలేదు. ఆ యేడాది ఆ రెండూళ్ళకు రాకపోకలు సన్నగిల్లెను. కుదిరిన పెండ్లి సంబంధమొకటి నిలిచిపోయినదనియు వింటిని.

పొలముగట్టు తగవులు తీర్చిన మీకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రెండు చేలనడుమ గట్టున్నచో, ఆ గట్టు ఎవరిది? దానిపై మొలచిన తాడిచెట్టు ఎవరిది? మూరెడు నేలకై తరములపాటు వ్యాజ్యమాడినవారిని మనమందరమును చూచియున్నాము. ఆటస్థలమున గీతయు అట్టి గట్టే. అయితే ఆయా ఆటల నిబంధనలు ఆ గట్టు ఎవరిదో ముందుగనే వ్రాసిపెట్టినవి. ఆటయాటకును ఆ వ్రాత వేరు.

ముందుగా మన చెడుగుడును చూతము. కబడ్డీ యను పేరున నియమబద్ధమై, 1990లో బీజింగునందు జరిగిన ఆసియా క్రీడలలో పతకపు ఆటగా చేరిన ఈ ఆటకు, పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. బరిలోని గీతలన్నియు బరిలోనివే. గీతపై కాలుమోపినవాడు లోపలనున్నవాడే. గీతకు ఆవలి నేల తాకినప్పుడే వెలుపలివాడగును. ఇరుప్రక్కల మీటరు వెడల్పున లాబీ యనబడు పట్టీలు కలవు. కూతకు వచ్చినవాడు ఎదుటివారిలో ఎవరినైనను తాకువరకు, లేక వారు వానిని పట్టువరకు, ఆ పట్టీలు వెలుపలి నేలయే. తాకిన క్షణమున అవి లోపలి నేలయగును. పెనుగులాటలో మరియొక వెసులుబాటు కలదు: దేహములో ఏ భాగమైనను లోపలి నేలను అంటియున్నంతవరకు వాడు బయటికి పోయినట్లు కాదు. ఈ లెక్కను మన సంక్రాంతి పిల్లవాడు రెండు విధముల బ్రదికినట్లే. వాడు త్రొక్కినది గీత. పైగా పెనుగులాటలో వాని చేయి లోపలనే యున్నది.

ఇప్పుడు రగ్బీ యను ఆటను చూడుడు. ఇదియు మనుష్యుడు మనుష్యుని పట్టి పడవేయు ఆటయే. అయితే నడుమ ఒక బంతి యుండును. పీచు తీయని కొబ్బరికాయవలె అది కోలగానుండును. జట్టునకు 15 మంది. బంతిని చేతపట్టి పరుగెత్తి, ఎదుటివారి కొసగీతకు ఆవల నేలకు ఆనింపవలెను. ఇంగ్లండులో రగ్బీ యను ఊరి పాఠశాలలో పుట్టి, 1845లో అచటనే నిబంధనలు వ్రాయబడిన ఆట యిది. దొరల ఆట మనకేల యందురేమో! 1872 క్రిస్మసునాడే కలకత్తాలో దీనిని ఆడిరి. అచటి క్లబ్బు కొన్నియేండ్లకే మూతపడగా, సభ్యులు బ్యాంకులో మిగిలిన వెండిరూపాయలను కరగించి, త్రాచుపాముల పిడులతో, మూతపై ఏనుగుతో ఒక పాత్ర చేయించి 1878లో ఇంగ్లండునకు పంపిరి. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు నేటికిని ఆ పాత్రకై పోటీపడుచున్నవి. మనకు మరింత దగ్గఱ సంగతి చెప్పెదను. పలాసలో రైలెక్కి ఉత్తరముగా పోయిన భువనేశ్వరము వచ్చును. అచటి కళింగ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదువు గిరిజన బాలురు 2007లో లండను పోయి, 14 ఏండ్లలోపు వారి పోటీలో గెలిచి వచ్చిరి.

ఈ రగ్బీలో గట్టు వెలుపలివానిది! ప్రక్కహద్దునకు టచ్ గీతయని పేరు. బంతి గీతను తాకినచో బయటికి పోయినట్లే. బంతి పట్టినవాని మడమ గీతకు సోకినను పోయినట్లే. అందుచేత ఎదుటివానిని తోసి, వాని కాలు గీతపై పడునట్లు చేయుట ఈ ఆటలో పెద్ద నేర్పు. అయితే గాలిలోని సంగతి వేరు. బంతి గీతమీదుగా ఆవలికి ఎగిరినను, లోపలినుండి ఎగిరిన ఆటగాడు తన పాదము వెలుపలి నేలకు తగులకముందే దానిని లోనికి మళ్ళించినచో ఆట ఆగదు. నేలయే సాక్షి, గాలి కాదు. ఈ న్యాయము నాకు మిక్కిలి నచ్చినది.

బంతి బయటికి పోయిన పిమ్మట దానిని లోనికి విసరు హక్కు ఎవరిది? సామాన్యముగా పోగొట్టినవానికి కాక, ఎదుటివారికి. రెండుజట్ల వారును రెండు వరుసలుగా నిలువబడగా, నడుమ సూటిగా విసరవలెను. ఎచటినుండి విసరవలె ననుటలో చక్కని తర్కమున్నది. ప్రతిజట్టు కొసగీతకును 22 మీటర్ల దూరమున మరియొక గీత యుండును. తన ఇంటిగుమ్మమువంటి ఆ 22 మీటర్ల లోపల ముట్టడింపబడినవాడు బంతిని తన్ని నేరుగా బయట పడవేసినచో, అది గీత దాటినచోటనే విసరుదురు. వానికి ఊపిరి పీల్చుకొన వీలగును. గుమ్మము దాటి వచ్చినవాడు అట్లే నేరుగా బయటికి తన్నినచో ఆ లాభము లేదు. తన్నినచోటికి ఎదురుగా వెనుకకు రావలెను. బంతి ముందు లోపలి నేలపై పడి, ఎగిరి బయటికి పోయినచో దాటినచోటనే విసరుదురు. 2021లో ఇంకొక నియమమును పరీక్షకు పెట్టి, తరువాత స్థిరపఱచిరి: తన సగములోనుండి తన్నిన బంతి నేలపై పడి, ఎదుటివారి 22 మీటర్లలోపల ప్రక్కకు దాటినచో, విసరు హక్కు తన్నినవారికే దక్కును.

మరియొక విశేషము. 80 నిమిషములు నిండినంతమాత్రమున రగ్బీ ముగియదు. బంతి గీత దాటియో, మరియొక విధముగనో ఆట ఆగినప్పుడే ముగియును. గడియారము మ్రోగినను బంతి లోపల నున్నంతవరకు ఓడుచున్నవానికి ఆశ యుండును.

కాలిబంతి యాటలో గీత లోపలిది. బంతి మొత్తము దాటవలెను. క్రికెట్టులో బంతి హద్దుత్రాటిని తాకినచాలు, నాలుగు పరుగులు. ఇట్లు మన పిల్లలు ఒకే మైదానమున ప్రొద్దున ఒక న్యాయము, సాయంకాలము ఇంకొక న్యాయము పాటించుచున్నారు. పొరపడుట వారి తప్పు కాదు. కాని తీర్పు చెప్పువాడు పొరపడరాదు గదా!

మరుసటి సంక్రాంతికి ఆ రెండూళ్ళవారును మరల కూడిరి. ఈసారి కఱ్ఱగీత కాక, ఇసుకను నీటితో తడిపి, రెండు వ్రేళ్ళ వెడల్పున సున్నపుగీత వేసిరి. ఆ వృద్ధుడే మరల మధ్యస్థుడు. ఆట మొదలిడక పూర్వమే ఆయన రెండుజట్ల నాయకులను పిలిచి, ఆ తెల్లని గీతపై చెరియొక కాలు మోపించి, “ఇది లోపలిది” అని వారిచేతనే అందఱు వినునట్లు చెప్పించెను. పిమ్మట తన కుర్చీని నడిగీత యొద్దనుండి తీయించి, ప్రక్కగీత కొసన, గీత పొడుగునా సూటిగా కనబడుచోట వేయించుకొనెను.